వాలిన ఆకు దాహానికి గుర్తేనా? వసంతకాలపు నాట్లపై అపోహలు, వాస్తవాలు

నర్సరీలో పనిచేసే నాకు ఏటా వసంతం రాగానే వినిపించే మాట ఒకటే: "రెండు పూటలా నీళ్లు పోశానండీ, అయినా నారు చచ్చిపోయింది." చాలాసార్లు అక్కడ "అయినా" అనకుండా "అందుకే" అనవలసి ఉంటుంది.

అపోహ: ఆకు వాలిందంటే నీళ్లు చాలలేదని అర్థం.

వాస్తవం: వేర్లకు నీటితో పాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల సందుల్లో గాలి ఉండవలసిన చోటంతా నీరే నిలిచిపోతే, వేర్లు ఊపిరాడక చచ్చి నీటిని పైకి పంపలేకపోతాయి. అందువల్ల తడి మట్టిలో ఉన్న మొక్క కూడా ఎండిన మట్టిలోని మొక్కలాగానే వాలుతుంది. అది చూసి కంగారుపడి మరో చెంబు పోస్తే వేరుకుళ్లుకు దారి తెరిచినట్లే. లేత నారులోనైతే కాండం నేలను తాకే చోట మెత్తబడి మొక్క ఒరిగిపోతుంది. ఆ నారుకుళ్లు సోకిన మొలక ఇక లేవదు.

పైగా, కొత్తగా నాటిన మొక్కకు పీకేటప్పుడు కొన్ని వేర్లు తెగి ఉంటాయి కనుక, మట్టిలో తడి ఉన్నా మధ్యాహ్నపు ఎండకు అది వాలడం సహజం. సాయంత్రానికి తేరుకుంటే దానికి ఏ లోటూ లేదు. తెల్లవారినా వాలే ఉంటే అప్పుడు వేలిని రెండు కణుపుల లోతున మట్టిలో గుచ్చి చూడాలి: పొడిగా ఉంటే అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయాలి, తడి తగిలితే చెంబు పక్కన పెట్టాలి.

ఈ పని మొదలుపెట్టిన తొలి వసంతంలో నేనూ ఒక ట్రే నిండా మిరప నారును ఇలాగే పోగొట్టుకున్నాను. ఒక మొక్కను పీకి చూస్తే వేర్లు గోధుమ రంగుకు తిరిగి, పై పొర వేళ్ల మధ్య ఊడివచ్చి, లోపలి దారం ఒక్కటే మిగిలింది.

అపోహ: కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు నిలవదు.

వాస్తవం: సన్నని మట్టి నుంచి పెద్ద సందులున్న రాళ్లలోకి నీరు సులువుగా దిగదు, తడి పొర అడుగున ఉండవలసింది రాళ్ల పైకి, అంటే వేర్లకు మరింత చేరువకు వస్తుంది. రంధ్రాలు, గుల్లగా ఉన్న మట్టి మిశ్రమం ఉంటే చాలు.

అపోహ: నాటిన రోజే ఎరువు వేస్తే మొక్క త్వరగా కోలుకుంటుంది.

వాస్తవం: గాయపడిన వేర్లను రసాయన ఎరువులోని లవణాలు మాడ్చేస్తాయి. కొత్త చిగురు కనిపించేదాకా ఆగాలి.

నీడలో పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో పెట్టవచ్చన్నది కూడా అపోహే. రోజుకు గంట, రెండు గంటల చొప్పున పెంచుతూ 7 నుంచి 10 రోజులు అలవాటు చేయాలి.

వాలిన కుండీని ఒళ్లో పెట్టుకుని దిగులుగా వచ్చేవారిని నేను ఎన్నడూ తప్పుపట్టను. అతిగా నీళ్లు పోసినది శ్రద్ధతోనే కదా. కుండీని మెల్లగా బోర్లించి మట్టి ముద్దను చూస్తాను. వేర్లు తెల్లగా ఉంటే, పై మట్టి ఆరేదాకా నీడలో ఉంచి నీళ్లు ఆపమని చెప్పి పంపిస్తాను.