అరచేతిలో ఆగిన అక్షరాలు

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో 1979లో మొదలైన ఐటీపీ (ఇంటరాక్టివ్ టెలికమ్యూనికేషన్స్ ప్రోగ్రామ్) విభాగం, కళాకారులకు సర్క్యూట్లు కట్టడమూ ఇంజనీర్లకు బొమ్మను చూడడమూ ఒకే గదిలో నేర్పిన అరుదైన చోటు. అక్కడ చదువుకున్న కమిల్ అట్టర్‌బ్యాక్, రోమీ అచితువ్ కలిసి 1999లో రూపొందించిన ‘టెక్స్ట్ రెయిన్’ అనే కళాప్రదర్శన ముందు నిలబడితే, ఎదుటి పెద్ద తెర మీద మన రూపం అద్దంలో లాగా నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది; పైనుంచి రంగురంగుల అక్షరాలు వానలా రాలుతుంటాయి. చెయ్యి చాపితే అవి చేతి మీద వాలి నిలుస్తాయి, చెయ్యి లేపితే దానితో పాటే లేస్తాయి, తీసేస్తే మళ్ళీ జారిపోతాయి. ఓపిగ్గా చేతులు చాచి నిలబడినవారికి అవి వరసగా చేరి, ఒక కవితలోని మాటలుగా చదవడానికి వీలవుతాయి.

దీని లోపలి యంత్రాంగం ఆశ్చర్యం కలిగించేంత సులువైనది. లేత రంగు గోడకు ఎదురుగా ఒక కెమెరా ఉంటుంది. ఆ దృశ్యంలో ఒక హద్దుకన్నా నల్లగా ఉన్న చోటల్లా అక్షరం ఆగాలి, ఆ నలుపు తొలగితే కిందికి జారాలి, అంతే. మనిషి ఎక్కడున్నాడో, చెయ్యి ఏదో, గొడుగు ఏదో ఆ ప్రోగ్రాముకు తెలియదు. అయినా చూసేవారి అరచెయ్యి తనంతట తాను దోసిలి అవుతుంది. ఏ బరువూ లేని వెలుగు చుక్కలను పట్టుకోవడానికి చెయ్యి ఎందుకు సిద్ధపడుతుంది? దానికి జవాబు తెరలో కాక మన మెదడులోనే ఉందనీ, ఆ జవాబులో ముఖ్యమైన భాగం కాలమనీ నా నమ్మకం.

మనం చెయ్యి కదిపిన ప్రతిసారీ, ఆ కదలిక వల్ల కంటికి ఏం కనిపించాలో, చర్మానికి ఏం తగలాలో మెదడు ముందే అంచనా వేసుకుంటుంది. అంచనాకు సరిపోయినదాన్ని ‘ఇది నేను చేసిందే’ అని తనలో కలుపుకుంటుంది, సరిపోనిదాన్ని బయటినుంచి వచ్చినదిగా లెక్కిస్తుంది. మనకు మనమే చక్కిలిగింతలు పెట్టుకోలేకపోవడానికి కారణం ఇదే. లండన్‌లో సారా జేన్ బ్లేక్‌మోర్, ఆమె సహచరులు 1999లో ప్రచురించిన ప్రయోగంలో, మనిషి ఎడమచేత్తో ఒక వస్తువును కదుపుతుంటే, ఆ కదలికనే ఒక రోబో కుడి అరచేతి మీద మెత్తని స్పాంజి ముక్కతో అనుకరించింది. రెండూ ఏకకాలంలో జరిగినంతసేపూ గిలి పెద్దగా పుట్టలేదు. మధ్యలో 100, 200, 300 మిల్లీసెకన్ల ఎడం పెట్టుకుంటూ పోయేకొద్దీ గిలి పెరిగింది. అదే చెయ్యి, అదే స్పాంజి అయినా, కాస్త ఆలస్యం చేరగానే ఆ స్పర్శ పరాయిదైపోయింది.

దీనికి మరో ముఖం రబ్బరు చెయ్యి ప్రయోగం. మాథ్యూ బాట్‌వినిక్, జొనాథన్ కోహెన్ 1998లో వెల్లడించిన దీన్ని ఎవరైనా ఇంట్లోనే చేసి చూడవచ్చు. దూది కూరిన రబ్బరు తొడుగును బల్ల మీద పెట్టి, మన చేతిని దాని పక్కనే అట్టముక్క వెనక దాచి, భుజం నుంచి తొడుగు మణికట్టు దాకా ఒక తువ్వాలు కప్పాలి. తోడున్నవారు రెండు కుంచెలు పట్టుకుని, రబ్బరు చూపుడువేలినీ మన చూపుడువేలినీ ఒకే క్షణంలో, ఒకే దిశలో నిమురుతూ పోవాలి. కళ్ళు రబ్బరు చేతి మీదే నిలిపితే, కొద్ది నిమిషాల్లో చాలామందికి ఆ స్పర్శ రబ్బరు వేలి మీదే తగులుతున్నట్టు, ఆ చెయ్యి తమదే అయినట్టు అనిపిస్తుంది. అదే కుంచెలు ఒకదాని వెనక ఒకటిగా కదిలితే ఆ భ్రమ చాలావరకు చెదిరిపోతుంది.

అలాగని మెదడు ప్రతి ఆలస్యాన్నీ పట్టుకోదు. చెరువు అవతలి గట్టున ఎవరో బట్టలు ఉతుకుతుంటే, చెయ్యి పైకి లేచాక గాని బండ చప్పుడు మనకు వినిపించదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది కనుక ఆ ఎడం కంటికి తెలిసిపోతుంది. బడి గదిలో గురువుగారి మాటకూ పెదవికీ మధ్య కూడా ఎడం ఉంటుంది, కానీ అది ఎంతో చిన్నది కాబట్టి మెదడు రెంటినీ ఒకటిగా ముడివేసేస్తుంది. మన సొంత గొంతు విషయంలో మాత్రం అది అంత ఉదారంగా ఉండదు. మాట్లాడే మాటనే దాదాపు 200 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి చెవిలో వినిపిస్తే, ధారాళంగా మాట్లాడేవారు కూడా తడబడతారని బెర్నార్డ్ లీ 1950లోనే చూపాడు.

ఇప్పుడు ఇలాంటి కళను తయారుచేసే విద్యార్థి బల్ల దగ్గరికి వద్దాం. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ పైన ప్రోగ్రాము లెక్కలు, ప్రొజెక్టరు తీసుకునే సమయం కలిస్తే పదోవంతు సెకను సులువుగా దాటుతుంది. కేసీ రీస్, బెన్ ఫ్రై 2001లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాసెసింగ్ అనే ప్రోగ్రామింగ్ భాష, ఇటలీలోని ఇవ్రేయాలో 2005లో విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు వచ్చాక సెన్సరు కలపడం కష్టం కాదు. అందుకే చెయ్యి ఊపితే రంగు మారే ప్రదర్శనలు ఎన్నో కనిపిస్తాయి. వాటిలో చాలావాటి ముందు మనం రెండు నిమిషాలు కూడా నిలబడం, ఎందుకంటే అక్కడ ఆలస్యం అనుకోకుండా మిగిలిపోయిన లోపమే గాని, కళాకారుడు కావాలని ఎంచుకున్న పదార్థం కాదు. ఆ ఎడాన్ని ఒక తిప్పుడు మీటకు అప్పగించి, సున్నా నుంచి అర సెకను దాకా చూసేవారే పెంచుకునే వీలు కల్పిస్తే, తన చెయ్యి ఎక్కడ తనది కాకుండా పోతుందో ప్రతి మనిషీ స్వయంగా కనిపెట్టగలుగుతాడు. నేను చూడాలని ఎదురుచూసే విద్యార్థి కళ అది.

అందుకు విద్యార్థులు ముందుగా తమ యంత్రం ఎంత ఆలస్యం చేస్తోందో కొలుచుకోవాలి. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, చెయ్యీ తెరా రెండూ కనిపించేలా వీడియో తీసి, చెయ్యి కదిలిన ఫ్రేము నుంచి తెర మీది బొమ్మ కదిలిన ఫ్రేము దాకా లెక్కపెడితే చాలు. ఒక్కో ఫ్రేము నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు; ఇరవైనాలుగు ఫ్రేములు వస్తే సరిగ్గా పదోవంతు సెకను.