కకవ నుంచి కోకో దాకా

ఎండాకాలం మొదట్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి పోతే మిర్చి బస్తాల ఘాటుకి కళ్ళు మండుతాయి. ఆ మిరపకీ, పిల్లలు పాలలో కలుపుకునే కోకో పొడికీ పాత చుట్టరికం ఉంది. రెండూ అమెరికా ఖండాల పంటలే. మెక్సికోని ఏలిన అజ్టెక్‌లు కోకో గింజల్ని వేయించి, నూరి, నీళ్ళలో కలిపి, చాలాసార్లు మిరపపొడి కూడా వేసి, నురగ వచ్చేదాకా ఎత్తిపోసుకుని తాగేవారు. అవే గింజలు సంతలో చిల్లర డబ్బుగా చెల్లేవి.

వాళ్ళ నహువాట్ల్ భాషలో కోకో గింజ పేరు ‘కకవత్ల్’. 16వ శతాబ్దంలో వచ్చిన స్పెయిన్ వాళ్ళకి ఆ చివరి ‘త్ల్’ నోరు తిరగలేదు. పదం ‘కకావో’ అయింది.

కానీ ఈ పేరు అజ్టెక్‌లతో మొదలవలేదు. 1984లో గ్వాటెమాలాలోని రియో అసుల్ దగ్గర అజ్టెక్‌ల కన్నా ముందటి మాయా జాతివాళ్ళ సమాధి ఒకదానిలో మూత తిప్పి బిగించే మట్టి పాత్ర దొరికింది. అది సుమారు 1500 ఏళ్ళ నాటిది. దాని మీది రాతలో కోకో పేరు ఉందని మాయా లిపి పండితుడు డేవిడ్ స్టువర్ట్ చదివాడు. మాయా లిపిలో చాలా గుర్తులు మన గుణింతాల్లాగా అచ్చు కలిసిన అక్షరాలే కాబట్టి, ఆ పదం రాసే తీరు తెలుగువాళ్ళకి వెంటనే అర్థమవుతుంది: క, క, వ. ‘క’ అక్షరానికి చేప బొమ్మ వేసేవారు. అదే అక్షరం రెండుసార్లు పలకాలంటే పక్కన రెండు చిన్న చుక్కలు పెట్టేవారు. చివరి అచ్చు పలకకుండా ‘కకవ్’ అని చదువుకునేవారు. తర్వాత చాక్లెట్లు చేసే హెర్షీ కంపెనీ ప్రయోగశాలలో ఆ పాత్ర లోపలి మడ్డిని పరీక్షిస్తే కోకో గింజల్లో ఉండే థియోబ్రోమిన్, కెఫీన్ బయటపడ్డాయి. పాత్ర మీది రాత నిజమేనని లోపలి మడ్డి సాక్ష్యం చెప్పింది. పురావస్తు శాస్త్రంలో నాకు బాగా ఇష్టమైన రుజువుల్లో ఇదొకటి.

మరి మాయా వాళ్ళకి ఆ పేరు ఎక్కడిది? దీని మీద పండితులకి పడదు. మెక్సికో తీరంలో దాదాపు మూడు వేల ఏళ్ళ కిందట బతికిన ఓల్మెక్‌ల భాష మిహె-సోకె కుటుంబానిదనీ, వాళ్ళ ‘కకవ’ అనే మాటే చుట్టుపక్కల భాషలన్నిటికీ పాకిందనీ 1976లో భాషా శాస్త్రవేత్తలు క్యాంప్‌బెల్, కాఫ్‌మన్ వాదించారు. కాదు, ఇది నహువాట్ల్ సొంత కుటుంబపు మాటేనని 2000లో డేకిన్, విక్మన్ అన్నారు. నాకైతే మొదటి వాదనే బలంగా కనిపిస్తుంది. కోకో తేమ నేలల చెట్టు. నహువాట్ల్ మాట్లాడేవారి పూర్వీకులేమో ఉత్తరాది పొడి నేలల నుంచి దిగివచ్చినవాళ్ళు. చెట్టు ఉన్నచోట పేరు ముందే ఉండి ఉంటుంది కదా. ఇక చెట్టు వాడకం మనకి తెలిసిన ఈ పేరు జాడల కన్నా పాతది. ఈక్వెడార్‌లో 5300 ఏళ్ళ కిందటి పాత్రల్లో కోకో జాడలు ఉన్నాయని 2018లో తేలింది. అక్కడివాళ్ళు దాన్ని ఏమని పిలిచారో చెప్పే రాత ఏదీ మిగల్లేదు.

‘కకావో’ ఇంగ్లీషులో ‘కోకో’ కావడానికి కారణం కొబ్బరికాయ. కొబ్బరికాయకి ఉండే మూడు కళ్ళు కోతి మొహంలా కనబడి పోర్చుగీసు, స్పెయిన్ నావికులు దానికి ‘కోకో’ అని పేరు పెట్టారు. ఈ రెండు మాటలూ ఇంగ్లీషువాళ్ళ నోట కలిసిపోయాయి. 1755లో వచ్చిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో కొబ్బరి వివరం, కకావో వివరం ఒకేచోట పడ్డాక ఆ గందరగోళం స్థిరపడిపోయింది. కొకైన్ తీసే కోకా ఆకు మాత్రం పూర్తిగా వేరు. దాని పేరు ఆండీస్ కొండల భాషల ‘కూకా’ నుంచి వచ్చింది. పేర్లు దగ్గరగా ఉన్నాయని తల్లిదండ్రులు టెన్షన్ పడనక్కర్లేదు. కోకో చెట్టు శాస్త్రీయ నామం థియోబ్రోమా కకావో. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టాడు. గ్రీకులో థియోబ్రోమా అంటే దేవతల ఆహారం.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది పల్లికాయ సంగతి. అజ్టెక్‌లు పల్లికాయని ‘త్లాల్‌కకవత్ల్’ అన్నారు, అంటే నేల కోకో. మెక్సికోలో ఇప్పటికీ పల్లీల పేరు ‘కకవాతే’. తెలిసిన గింజ పేరుకి ‘నేల’ తగిలించి కొత్త గింజని పిలుచుకున్నారు. అదే పల్లికాయ సముద్రం దాటి మన దగ్గరికి వచ్చినప్పుడు మనమూ అదే పని చేశాం. శనగకి ‘వేరు’ తగిలించి వేరుశనగ అన్నాం. మక్కజొన్నని జొన్నల్లో కలుపుకున్నాం. ‘చిల్లి’ అన్న నహువాట్ల్ పేరుని వదిలేసి, మిరియానికి దగ్గరగా మిరప అనుకున్నాం. కోకోకి మాత్రం ఇలా జరగలేదు. పల్లికాయ, మక్క, మిరప మన చెలకల్లో మొలిచాయి కాబట్టి రైతు వాటికి పేరు పెట్టాడు. కోకో మనకి డబ్బాలో పొడిగా వచ్చింది, డబ్బా మీది పేరే నోట్లో నిలిచింది.

మే నెలలో నలభై డిగ్రీలు దాటే వరంగల్ వడగాలికి కోకో తట్టుకోలేదు. దానికి గాలిలో తేమ, పెద్ద చెట్ల నీడ కావాలి. అందుకే ఆంధ్రలో ఏలూరు వైపు కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడన పెంచుతారు. తెలంగాణలోని అశ్వారావుపేట ప్రాంతంలోనూ కొందరు అలాగే అంతరపంటగా వేస్తున్నారు. కాయలు పనసలా మాను మీదే కాస్తాయి. ఒక్కో కాయలో తెల్లటి గుజ్జు చుట్టుకున్న గింజలు ముప్పై నలభై దాకా ఉంటాయి. వాటిని కొన్ని రోజులు మురగబెట్టి, ఎండబెట్టి, వేయిస్తే తప్ప మనకి తెలిసిన చాక్లెట్ వాసన రాదు. ఆ తోటల్లో కోకో కాయ, కోకో గింజ, కోకో తోట అన్న మాటలు ఇప్పటికే వాడుకలో పడ్డాయి.