సైన్స్ పిల్లలకు బొమ్మలెందుకు? – కొన్ని అపోహలు, వాస్తవాలు

ప్రతి జూన్‌లోనూ మా స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఈ మాట వింటాను. "మేడమ్, వీడు ఎప్పుడు చూసినా బొమ్మలే. ఎనిమిదికి వచ్చాడు, ఫౌండేషన్‌లో వేశాం. మీరైనా కాస్త గట్టిగా చెప్పండి." కొత్తగూడెం చుట్టుపక్కల బళ్లలో 22 ఏళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. ఈ మాట అనే తల్లిదండ్రుల మీద నాకు కోపం రాదు. ఫీజు కట్టేది వాళ్లు, రాత్రి నిద్ర పట్టనిదీ వాళ్లకే. తెలిసీ తెలియకుండా ఆ భయాన్ని వాట్సాప్‌లో పంచిపెట్టేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: బొమ్మ వేయడం పుట్టుకతో రావాలి. వచ్చినవాడికి అది చదువుకు అడ్డు, రానివాడికి అనవసరం.

పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. బొమ్మలు వచ్చిన పిల్లాడి చేతిలోంచి పెన్సిల్ లాగేస్తాం. రాని పిల్లాడేమో "నాకు డ్రాయింగ్ రాదు టీచర్" అని పదో తరగతి దాకా గైడు చూసి దించుతాడు. చివరికి ఇద్దరిలో ఎవరూ మైక్రోస్కోపులో ఉన్నదాన్ని సరిగా చూడరు.

నాకిది ఎలా తెలిసిందో చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు తొమ్మిదో తరగతికి ఉల్లిపొర ప్రయోగం చేయించాను. సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేసి, పైన కవర్ స్లిప్ అనే పల్చటి గాజు ముక్క పెట్టి, చూసింది రికార్డులో గీయమన్నాను. 40 రికార్డులొచ్చాయి. 39 రికార్డుల్లో స్కేలు పెట్టి కట్టిన ఇటుక గోడ, ప్రతి కణానికీ సరిగ్గా నడిమధ్యలో ఒక కేంద్రకం. ఒక్క అమ్మాయి పటంలో మాత్రం కణాలు వంకరగా ఉన్నాయి, కేంద్రకాలు గోడలకు అతుక్కుని ఉన్నాయి. మూలన నల్లటి మందపాటి అంచుతో ఓ పెద్ద గుండ్రం కూడా ఉంది. ఎర్ర పెన్నుతో కొట్టేసి "పుస్తకం చూసి మళ్లీ వేయి" అని రాశాను.

సాయంత్రం స్లైడ్లు కడిగే ముందు ఎందుకో ఆ అమ్మాయి స్లైడు పెట్టి చూశాను. అచ్చం తను గీసినట్టే ఉంది. కణంలో నీటి సంచి లాంటి రిక్తిక మధ్య జాగా అంతా ఆక్రమించడంతో కేంద్రకాలు గోడవైపు నెట్టుకుపోయాయి. ఆ నల్లటి గుండ్రం కవర్ స్లిప్ కింద చిక్కుకున్న గాలి బుడగ. నలభై మందిలో చూసి గీసింది తనొక్కతే. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఆ మాట చెప్పి మార్కులు దిద్దాను. కానీ అప్పటికే తను రాత్రి కూర్చుని, స్కేలు పెట్టి, పుస్తకంలో పటం దించుకుని వచ్చింది. ఆ రెండో పటం గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధే.

సైన్సులో బొమ్మ అందం కోసం కాదు. చేయి గీస్తున్నంతసేపూ కన్ను అక్కడే నిలిచి ఉంటుంది, అందుకోసం. 1609 వేసవిలో ఇంగ్లండులో థామస్ హారియట్ టెలిస్కోపుతో చంద్రుణ్ణి చూసి బొమ్మ వేశాడు, గెలీలియో కన్నా కొన్ని నెలలు ముందే. హారియట్ పెద్ద గణితవేత్త. వెలుగూ చీకటీ కలిసే గీత వంకరటింకరగా ఉందని గీశాడు, అక్కడితో ఆగిపోయాడు. ఆ ఏడాది చివర్లో గెలీలియో అదే చంద్రుణ్ణి చూసి, ఆ గీత దగ్గరి చిన్న నల్లమచ్చలు నీడలని పోల్చుకున్నాడు. వెలుగు ఒక పక్కనుంచి పడితే కొండకు ఎటు నీడ పడుతుందో, గుంతలో ఏ అంచు మెరుస్తుందో ఆయనకు తెలుసు. ఫ్లోరెన్స్ చిత్రకళలో వెలుగునీడలు నేర్చిన కన్ను అది. 1613లో అక్కడి చిత్రకారుల అకాడమీ ఆయన్ని సభ్యుడిగా చేర్చుకుంది కూడా. గెలీలియో టెలిస్కోపుకు శక్తి ఎక్కువన్నది నిజమే. అయినా 1610లో ఆయన పుస్తకం అచ్చయిన తర్వాతే హారియట్ బొమ్మల్లోకి గుంతలు వచ్చాయి.

ఇక "రాదు" అనే పిల్లలకు ఒక మాట. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఒక్కో మాటకు 40 సెకన్లు ఇచ్చి కొన్నిటిని పదే పదే రాయమన్నారు, కొన్నిటికి బొమ్మ వేయమన్నారు. బొమ్మ వేసిన మాటలే ఎక్కువ గుర్తున్నాయి. బొమ్మ చక్కగా కుదిరిందా లేదా అన్నదానితో దానికి పెద్దగా సంబంధం లేదని కూడా తేలింది. కాబట్టి నీ గుండె పటం బెండకాయలా వచ్చినా ఫరవాలేదు నాన్నా, గీయి.

భయపడే తండ్రులకు నేను కహాల్ కథ చెబుతాను. స్పెయిన్‌లో ఓ డాక్టరు గారి అబ్బాయి. చిత్రకారుణ్ణి అవుతానంటే తండ్రి ససేమిరా అన్నాడు. చివరికి ఆ తండ్రే శరీర నిర్మాణం నేర్పుతూ కొడుకుతో ఎముకల బొమ్మలు వేయించాడు. ఇటలీ శాస్త్రవేత్త గోల్గి కనిపెట్టిన, కణాలకు రంగు పట్టించే పద్ధతితోనే కహాల్ నాడీకణాలు చూశాడు. గోల్గి అదంతా ఒకటే వల అన్నాడు. కహాల్ గంటల తరబడి గీసి గీసి, ఏ కణానికి ఆ కణం విడిగా ఉందన్నాడు. 1906లో నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు, నిలబడింది మాత్రం కహాల్ మాట.

అపోహ: నల్ల రంగే వాడితే పిల్లాడికి డిప్రెషన్.

రెండేళ్ల కిందట ఒకావిడ ఒకటో తరగతి బాబు నోట్‌బుక్ పట్టుకుని వచ్చారు. కళ్లలో నీళ్లు. పేజీ పేజీకీ నల్ల క్రేయాన్. నెట్‌లో ఏదో వీడియో చూశారట. బాబును పక్కన కూర్చోబెట్టుకుని "ఇదేంటి నాన్నా?" అని అడిగాను. "బొగ్గు బండి టీచర్. 31 డబ్బాలు." వాళ్లింటి వెనకే సింగరేణి గూడ్సు పట్టాలు. బొమ్మలో వ్యాగన్లు నేనూ లెక్కపెట్టాను, 31 ఉన్నాయి.

ఒక రంగును బట్టి, ఒక బొమ్మను బట్టి పిల్లల మనసు ఇలా ఉందని ఎవరూ తేల్చలేరమ్మా. మూడు నాలుగేళ్ల పిల్లలు తలకాయకే కాళ్లు తగిలించి మనిషిని గీస్తారు, అదీ మామూలే. నిద్ర, తిండి, ఆటలు మారిపోయి అలాగే ఉండిపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. బొమ్మ గురించి ఏదైనా తెలుసుకోవాలంటే, వేసిన పిల్లాణ్ణే అడగండి.

అపోహ: ఎడమ మెదడు లెక్కలకు, కుడి మెదడు కళలకు.

మెదడు రెండు సగాల పనిలో తేడాలున్నాయి, ఆ పరిశోధనకు రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. కానీ మనుషుల్లో "ఎడమ మెదడు వాళ్లు, కుడి మెదడు వాళ్లు" అని రెండు జాతులు లేవు. 2013లో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు వెయ్యికి పైగా మెదడు స్కాన్లు పరిశీలించినా అలాంటి విభజన కనిపించలేదు. వేలిముద్రలు తీసుకుని మీ పిల్లాడిది ఏ మెదడో చెబుతామనే వాళ్లకు డబ్బులు ఇవ్వకండి.

అపోహ: మొజార్ట్ సంగీతం వింటే పిల్లలకు తెలివి పెరుగుతుంది.

ఈ మాటకు మూలమైన 1993 నాటి ప్రయోగం 36 మంది కాలేజీ విద్యార్థుల మీద చేసింది. కనిపించిన ప్రభావం పావుగంట కూడా నిలవలేదు. పసిపిల్లల ఊసే అందులో లేదు. సంగీతం బాగుందనిపిస్తే వినిపించండి, చాలు.

అపోహ: ఆర్ట్ ఇంటిగ్రేషన్ (పాఠంలో కళను కలిపి చెప్పడం) అంటే థర్మాకోల్ మోడల్, చమ్కీల చార్ట్.

ఇది టీచర్ల కోసం. 2020 నుంచి సీబీఎస్‌ఈ ఒకటి నుంచి పది దాకా ఆర్ట్ ప్రాజెక్టు తప్పనిసరి చేసింది. దాంతో చాలా ఇళ్లలో రాత్రి పదింటికి అమ్మలు ఫెవికాల్ పట్టుకుని కూర్చుంటున్నారు. అందులో కళా లేదు, సైన్సూ లేదు.

తిరుపతి టూరుకు వెళ్లినప్పుడు పిల్లల్ని శ్రీకాళహస్తి తీసుకెళ్లి కలంకారీ చూపించాం. వచ్చాక తుప్పు మేకులు, బెల్లం నీళ్లు ఓ సీసాలో వేసి మూడు వారాలు ల్యాబ్ కిటికీలో ఉంచాం. పుల్లటి వాసన. గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి తడిపి ఆరేశాం. పుల్లను ఆ నీళ్లలో ముంచి గుడ్డ మీద గీస్తే లేత గీత, చూస్తుండగానే నల్లబడింది. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం, మేకుల్లోంచి వచ్చిన ఇనుము కలిసి చేసిన పని అది. పాలలో కొవ్వు వల్ల గీత పాకలేదు. వెనక బెంచీ కుర్రాడు లేచి, "టీచర్, అరటికాయ కోస్తే మా నాయనమ్మ కత్తిపీట నల్లబడేది ఇందుకేనా?" అన్నాడు. అవును, అందుకే.

ఇంట్లో ఏం కొనాలని అందరూ అడుగుతారు. ఓ తెల్ల కాగితాల పుస్తకం, ఒక హెచ్‌బీ పెన్సిల్ చాలు. కరివేపాకు రెమ్మో, చచ్చిన మిడతో ముందు పెట్టి, గైడు మూయించి పది నిమిషాలు గీయమనండి. ఆ పది నిమిషాలూ రబ్బరు మాత్రం ఇవ్వకండి. రబ్బరు చేతిలో ఉంటే వాళ్ల కళ్లు మిడతను వదిలి కాగితం మీదే ఉంటాయి.