క్యాథెటర్‌లో పాకుడు

హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. పక్షవాతంతో మంచం పట్టిన ఆమె మామగారికి నెల రోజులుగా మూత్రం పైపు, అంటే క్యాథెటర్, ఉంది. మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్షలో బ్యాక్టీరియా కనిపించిందని ఇంట్లోవారు మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ తెచ్చి ఐదు రోజులు వేశారు. మళ్ళీ పరీక్షిస్తే బ్యాక్టీరియా అలాగే ఉంది. మందు నకిలీదేమోనని ఆమె అనుమానం.

మందును శంకించే ముందు చెరువు మెట్లను గుర్తు చేసుకోవాలి. నీటి అంచున రాతిమెట్టుకు పట్టిన పాకుడు మీద ఎన్ని బిందెల నీళ్ళు కుమ్మరించినా అది పోదు, పీచు పెట్టి గీకవలసిందే. క్యాథెటర్ గోడకు పట్టే ఇలాంటి పాకుడునే శాస్త్రం బయోఫిల్మ్ అంటుంది. గొట్టం లోపలికి వెళ్ళిన కాసేపటికే మూత్రంలోని ప్రొటీన్లు దాని మీద పలుచని పొరగా పేరుకుంటాయి. ఆ పొరకు అతుక్కున్న బ్యాక్టీరియా తమ చుట్టూ జిగురును స్రవించుకొని అందులోనే కాపురం పెడతాయి. జిగురు మందును కొంత అడ్డుకుంటుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, అడుగు పొరల్లోని కణాలు ఆహారం, ఆక్సిజన్ అరకొరగా అందుతూ దాదాపు నిద్రావస్థలో ఉంటాయి. చాలా యాంటీబయాటిక్‌లు చురుగ్గా పెరిగే కణాలనే బాగా చంపగలవు గనుక, ఆ నిద్రపోయేవి బతికిపోయి, మందు ఆగగానే మళ్ళీ పుంజుకుంటాయి. పైపు ఉన్నవారిలో రోజుకు సుమారు 3 నుంచి 7 శాతం మందికి మూత్రంలో బ్యాక్టీరియా చేరుతుందని, నెల తిరిగేసరికి దాదాపు అందరిలోనూ ఉంటుందని అంచనా. అందువల్ల జ్వరం, వణుకు, పొత్తికడుపు నొప్పి, కొత్తగా వచ్చిన అయోమయం వంటివి లేనప్పుడు, గర్భిణుల వంటి కొద్దిమంది విషయంలో తప్ప, కల్చర్ చేయించడమే అనవసరం.

ఈ పాకుడులో ప్రోటియస్ మిరాబిలిస్ అనే బ్యాక్టీరియా చేరితే ఇంకో చిక్కు. దాని యూరియేజ్ అనే ఎంజైము మూత్రంలోని యూరియాను విరిచి అమ్మోనియాను పుట్టిస్తుంది, మూత్రం క్షారగుణానికి మారుతుంది, అంతవరకు కరిగి ఉన్న మెగ్నీషియం, కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలుగా దిగుతాయి. తీసేసిన పైపు కొనను ఒకసారి నిలువునా కోసి చూశాను: బోరునీళ్ళు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పెచ్చులాంటిదే కన్నం చుట్టూ ఉంది, గోటితో గీస్తే ఇసుకలా రాలింది. 16 ఫ్రెంచ్ (పైపుల లావును చెప్పే కొలత) సైజు పైపు వెలుపలి వ్యాసమే 5.3 మిల్లీమీటర్లు, లోపలి దారి అంతకంటే ఇరుకు. అది మూసుకుంటే మూత్రం పైపు పక్కనుంచి కారుతుంది, లేదా మూత్రాశయం ఉబ్బి మూత్రం కిడ్నీల వైపు ఎదురెక్కుతుంది. పైపు చివర మూత్రం చేరే సంచి నిండడం ఆగిందంటే తెల్లవారేదాకా ఆగకూడదు.

నలుగురూ చూస్తారన్న మొహమాటంతో సంచిని దుప్పటి కింద రోగి పక్కనే దాచే ఇళ్ళు చాలానే చూశాను; ఆటోలో ఆసుపత్రికి తెచ్చేటప్పుడు దానిని ఒడిలో పెట్టుకునే వారూ ఉన్నారు. సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే, నేలకు తగలకుండా వేలాడాలి. పైపుకూ సంచికీ మధ్య అతుకును ఊరికే విప్పరాదు, మూడింట రెండు వంతులు నిండేలోపే చేతులు కడుక్కొని ఖాళీ చేయాలి. పైపు చుట్టూ రోజూ సబ్బునీళ్ళతో కడిగితే చాలు, డెట్టాల్ అక్కరలేదు. పైపు జారిపోకుండా మూత్రాశయంలో పట్టి ఉంచే బుడగలో సాధారణంగా 10 మిల్లీలీటర్ల నీరు ఉంటుంది గనుక పైపును ఎవరూ లాగకూడదు.

ఆ పాఠకురాలి మామగారికి నిజంగానే జ్వరం వస్తే, రెండు వారాలు దాటిన పైపును ముందు మార్పించి, కొత్త పైపు నుంచే నమూనా తీయించాలి. పాత పైపు నుంచి తీస్తే పరీక్షలో తేలేది మెట్టు మీది పాకుడు, చెరువులోని నీరు కాదు.