వెలివేసిన లీగ్‌ను కోర్టుకీడ్చిన గార్డ్

అమెరికాలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్) ఆటగాడు ఇవాళ కాంట్రాక్టు ముగిశాక వేరే క్లబ్‌తో బేరమాడుకోవచ్చు. ఈ హక్కు కోసం ఆటగాళ్లు దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ తిరుగుడు మొదలుపెట్టినవాళ్లలో బిల్ రాడోవిచ్ ఒకడు. డెట్రాయిట్ లయన్స్ జట్టులో గార్డ్. అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు కాదు, అతనికి దారి చేయడానికి అవతలివాళ్లను అడ్డుకునేవాడు. అలాంటివాళ్లకు పెద్దగా పేరు రాదు. రాడోవిచ్ పేరు కూడా అభిమానుల కంటే లాయర్లకే ఎక్కువ గుర్తు.

1938లో లయన్స్‌లో చేరాడు. నాలుగు సీజన్లు ఆడి, యుద్ధకాలంలో నేవీకి వెళ్లి, 1945లో మళ్లీ జట్టులోకి వచ్చాడు. మరుసటి ఏడాది తండ్రికి ఒంట్లో బాగాలేదు, లాస్ ఏంజెలస్ క్లబ్‌కు మార్చమని అడిగాడు. లయన్స్ ఒప్పుకోలేదు. సరిగ్గా అప్పుడే, లయన్స్ ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ (నేషనల్ ఫుట్‌బాల్ లీగ్)కు పోటీగా ఆల్ అమెరికా కాన్ఫరెన్స్ అనే కొత్త లీగ్ పుట్టింది. రాడోవిచ్ కాంట్రాక్టును పక్కనపెట్టి, అందులోని లాస్ ఏంజెలస్ డాన్స్‌కు రెండు సీజన్లు ఆడాడు. కాంట్రాక్టు ఉల్లంఘించిన మాట నిజమే. కానీ దానికి పడిన శిక్ష మాత్రం మామూలుది కాదు.

1948లో శాన్‌ఫ్రాన్సిస్కో క్లిప్పర్స్ అతన్ని ఆటగాడిగా, కోచ్‌గా పిలిచింది. ఆ క్లబ్ ఆడే పసిఫిక్ కోస్ట్ లీగ్‌కు ఎన్‌ఎఫ్‌ఎల్‌తో పోటీ లేదు, అనుబంధం ఉంది. రాడోవిచ్ బ్లాక్‌లిస్ట్‌లో ఉన్నాడు, తీసుకుంటే కఠినమైన శిక్ష తప్పదని ఎన్‌ఎఫ్‌ఎల్ హెచ్చరించింది. క్లిప్పర్స్ వెనక్కి తగ్గింది. చేతికొచ్చిన ఉద్యోగం పోయింది.

అతను గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద దావా వేశాడు. అతని లాయర్లలో ఒకరు జోసెఫ్ అలియోటో, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్ అయినాయన. కింది కోర్టులు కొట్టేశాయి. ఎందుకంటే బేస్‌బాల్‌కు ఈ చట్టం వర్తించదని 1922లోనే సుప్రీంకోర్టు తేల్చింది, 1953లో మళ్లీ అదే మాట చెప్పింది. బేస్‌బాల్‌కు లేని చట్టం ఫుట్‌బాల్‌కు ఎందుకన్నది లీగ్ వాదన.

1957 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 6-3తో ఆ వాదనను తోసిపుచ్చింది. తీర్పు రాసిన జస్టిస్ టామ్ క్లార్క్, బేస్‌బాల్ మినహాయింపు తర్కానికి నిలవదని దాదాపు ఒప్పుకున్నారు. అయినా దాన్ని ముట్టుకోకుండా, సరిచేయాల్సింది కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) అంటూ వదిలేశారు. ఒకే రకం వ్యాపారానికి రెండు నీతులన్నమాట.

ఈ తీర్పుతో రాడోవిచ్ కేసు గెలిచేశాడని అనుకునేవాళ్లున్నారు. నిజానికి విచారణ కోరే హక్కు మాత్రమే దక్కింది, చివరికి రాజీతో సరిపెట్టుకున్నాడు. పెద్ద లాభం ఆటగాళ్ల సంఘానికి. ఏడాది ముందే పుట్టిన ఆ సంఘాన్ని, చట్టం మెడ మీదికి వచ్చాక, ఎన్‌ఎఫ్‌ఎల్ కమిషనర్ బర్ట్ బెల్ 1957 చివర్లో గుర్తించారు.

జట్టు మారే స్వేచ్ఛ మాత్రం అప్పుడే రాలేదు. ఆటగాణ్ణి తీసుకున్న క్లబ్ పాత క్లబ్‌కు పరిహారం ఇవ్వాలన్న రోజెల్ రూల్ 1963లో వచ్చి పడింది. ఆటగాడు జాన్ మాకీ వేసిన కేసులో 1976లో కోర్టు దాన్ని తప్పుపట్టింది. ఇప్పుడున్న ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్టు ముగిశాక జట్టు మారే స్వేచ్ఛ, 1993లో గానీ రాలేదు.