టికెట్ మీద టైమ్ చూసి తీసివేత చేయకండి

బుజ్జీ, చిన్నూ,

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ దెబ్బలాడుకున్న లెక్క గురించే ఈ ఉత్తరం. విశాఖ నుంచి శంషాబాద్‌కి తిన్నగా గీత గీస్తే దాదాపు 510 కిలోమీటర్లు, విమానం గంటకి 800 పోతుంది, అంటే 40 నిమిషాల్లో దిగిపోవాలి కదా, మరి టికెట్ మీద గంటా పావు ఎందుకు వేశారు, వాళ్ళకి లెక్కలు రావా అన్నాడు చిన్నూ. బాగానే వచ్చురా!

టికెట్ మీద ఉండేది గాల్లో ఎగిరే టైమ్ ఒక్కటే కాదు. ఇక్కడ నిలబెట్టిన చోటు నుంచి విమానం కదిలిన దగ్గర్నుంచి అక్కడ పూర్తిగా ఆగేదాకా లెక్క. మన రన్‌వే నేవీ వాళ్ళది, ఐఎన్ఎస్ డేగా అంటారు, వాళ్ళ విమానాలు లేస్తుంటే మనది ఆగాలి. పైగా ఆ రన్‌వే ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంటుంది, విమానమేమో గాలికి ఎదురుగా లేస్తుంది. సముద్రం గాలి వీస్తున్నప్పుడు హైదరాబాద్‌కి వీపు పెట్టి సముద్రం వైపు లేచి, అప్పుడు మలుపు తిరిగి రావాలన్నమాట. ఇక ఆ 800 అనేది బాగా పైకి వెళ్ళాకే. ఇంత చిన్న ప్రయాణంలో ఆ ఎత్తుకి ఎక్కడానికీ, మళ్ళీ కిందికి దిగడానికే సగం కంటే ఎక్కువ దూరం అయిపోతుంది. ఆలస్యమైనా టైమ్‌కి చేర్చామనిపించుకోడానికి కంపెనీలు కొంచెం ఎక్కువే వేసుకుంటాయి కూడా, అది వేరే సంగతి.

బుజ్జి రైలు దూరం 700 అని వాదించింది, అదీ తప్పు కాదు. రైలు కోస్తా వెంబడి విజయవాడ దాకా దిగి, అక్కణ్ణుంచి మలుపు తిరిగి సికింద్రాబాద్ వస్తుంది, అందుకే వందే భారత్‌కి కూడా ఎనిమిదిన్నర గంటలు.

అసలు తికమక సింగపూర్‌ది. మీ పిన్ని టికెట్ చూసి, రాత్రి 11కి ఎక్కి తెల్లారి 5.30కి దిగుతోంది, ఆరున్నర గంటలు పాపం అనుకున్నాను. వచ్చేటప్పుడు అక్కడ రాత్రి 8.30కి ఎక్కి ఇక్కడ 10కే దిగుతోంది! గంటన్నరలో వచ్చేస్తున్నావా అమ్మా అని అడిగేశాను, అది ఇప్పటికీ నన్ను ఏడిపిస్తూనే ఉంది. వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. వెళ్ళేటప్పటి ఆరున్నరలోంచి రెండున్నర తీసెయ్యండి, వచ్చేటప్పటి గంటన్నరకి రెండున్నర కలపండి, రెండు వైపులా నాలుగు గంటలే.

సెలవులకి వచ్చేటప్పుడు కిటికీ సీటు కోసం కొట్టుకోకండి. ఒకళ్ళు బయటికి చూడండి, దిగే ముందు కింద ఓడలూ పోర్టూ కనబడితే సముద్రం వైపు నుంచి వస్తున్నట్టు. రెండోవాళ్ళు చక్రాలు నేల వదిలిన నిమిషం, మళ్ళీ తాకిన నిమిషం రాసుకురండి. ఆ కాగితం నాకిచ్చాకే చేపల పులుసు.

మీ తాతయ్య