లార్స్ దారిలో జార్జియా ఎర్ర వైన్

జార్జియాలో ద్రాక్ష కోతలు మొదలైతే కాఖేతీ ప్రాంతంలో కిలో ధర గురించిన తగువు, దాని వెనకే రష్యా గురించిన తగువు తప్పవు. ఇటీవలి సంవత్సరాల్లో ఆ దేశపు వైన్ ఎగుమతుల్లో దాదాపు మూడింట రెండు వంతులు రష్యాకే వెళ్తున్నాయి. అంత సరుకును ఒక్క గుమ్మం ముందే దించడం తెలివైన పనేనా అన్నది ఇప్పుడు మళ్లీ రేగిన వాదన.

జార్జియాలో ఎనిమిది వేల ఏళ్ల నాటి మట్టిపాత్రల్లో వైన్ ఆనవాళ్లు దొరికిన కథ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. ఈ గొడవకు మూలం 2006 మార్చి.

అప్పటికి జార్జియా వైన్‌లో సుమారు ఐదింట నాలుగు వంతులు రష్యావాళ్లే కొనేవారు. పురుగుమందుల అవశేషాలు ఉన్నాయంటూ రష్యా ఆరోగ్య తనిఖీ సంస్థ ఆ నెలాఖరులో దిగుమతి ఆపేసింది. మే నెలలో జార్జియావారి బోర్జోమీ మినరల్ వాటర్‌కూ అదే గతి పట్టింది. నాటోలో చేరతామని జార్జియా అధ్యక్షుడు సాకాష్విలీ ప్రభుత్వం గట్టిగా అంటున్న రోజులవి. నిషేధం మోల్దోవా వైన్‌పైనా పడింది, ఆ దేశానికీ మాస్కోతో పేచీ ఉంది. పురుగుమందులు సరిగ్గా ఈ రెండు దేశాల సీసాల్లోనే తేలడం విచిత్రమే.

జార్జియా తప్పేమీ లేదని కాదు. పేరుమోసిన జార్జియా ఎర్ర వైన్లు కిండ్జ్‌మరౌలీ, ఖ్వాంచ్‌కారా పేర్లతో నకిలీ సీసాలు రష్యా దుకాణాల్లో విపరీతంగా ఉండేవి. రష్యాలో ఏం పోసినా అమ్ముడవుతుందన్న అర్థంలో అప్పటి జార్జియా రక్షణమంత్రి ఒక్రుఆష్విలీ మోటుగా మాట్లాడి సొంతవాళ్లకే తలనొప్పి తెచ్చిపెట్టారు.

2005లో సుమారు 8 కోట్ల డాలర్లున్న వైన్ ఎగుమతి 2007కు 3 కోట్లకు జారింది. అయితే సాపెరావి అనే జార్జియా నల్ల ద్రాక్ష రాత మారింది కూడా అప్పుడే. ఆ పేరుకు రంగునిచ్చేది అని అర్థం. నల్ల ద్రాక్షల్లో చాలా రకాలను చిదిమితే రసం తెల్లగానే వస్తుంది. దీని గుజ్జే ఎరుపు, పిండిన వేళ్లకు మరక పడుతుంది. సోవియట్ కాలం నుంచి దీనితో ఎక్కువగా చేసింది తీపి వైన్: పులుస్తున్న రసాన్ని చల్లబరిచి మధ్యలో ఆపేస్తే చక్కెర మిగిలిపోతుంది. రష్యా గిరాకీ దానికే. ఇతర దేశాల కొనుగోలుదారులను వెతుక్కోవలసి వచ్చాక చిన్న తయారీదారులు తీపి లేని సాపెరావికి, తాతల నాటి క్వెవ్రీలకు మళ్లారు. క్వెవ్రీ అంటే లోపల తేనెమైనం పూసి, మెడ దాకా నేలలో పాతిన మట్టి బాన. పెద్దవైతే మనిషి లోపలికి దిగి కడగాలి. రసాన్ని తొక్కలతో సహా అందులో పోసి, పైకి తేలే పిప్పిని రోజుకు కొన్నిసార్లు కిందికి తొక్కుతారు. ఆ పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

అదే ఏడాది రష్యా తలుపు తెరిచింది. జార్జియాలో ప్రభుత్వం మారి అప్పటికి ఏడాది కూడా కాలేదు. తీపి ఎరుపు మళ్లీ ఉత్తరానికి కదిలింది. పెద్ద తయారీదారులు చెప్పేది కాదనలేనిదే: కొనేవాడు పొరుగునే ఉన్నాడు, పేర్లు అతనికి కొత్త కావు, రైతు ద్రాక్షను తోటలో ఎండబెట్టుకోలేడు. క్వెవ్రీవాళ్లు మాత్రం 2019 జూన్ గుర్తు చేస్తారు. జార్జియా రాజధాని తిబిలిసీలో పార్లమెంటు స్పీకర్ కుర్చీలో రష్యా ఎంపీ కూర్చున్నందుకు వీధులు భగ్గుమన్నాయి. మాస్కో విమానాలు ఆపేసింది. ఆ వెంటనే జార్జియా వైన్ నాణ్యత తగ్గిందని రష్యా తనిఖీ సంస్థకు మళ్లీ అనుమానం వచ్చింది. ఆసారి నిషేధం దాకా పోలేదు.

ఇప్పుడు సీసాల లారీలు రష్యాకు వెళ్లేది కాకసస్ కొండల నడుమ లార్స్ చెక్‌పోస్టు మీదుగా. 2006 జూలైలో మరమ్మతులంటూ రష్యా దాన్ని మూసింది. మళ్లీ తెరిచింది 2010 మార్చిలో.